చిన్న క్లబ్బులో హర్లింగ్ నేర్పబోతున్న మా చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. ఇక్కడ ఐర్లండ్‌లో, లీట్రిమ్‌లో మీ ఊరి క్లబ్బులో అండర్-11 పిల్లలకి హర్లింగ్ (కర్రతో బంతి కొట్టే ఇక్కడి ఆట) నేర్పే బాధ్యత నువ్వు తీసుకున్నావట. "కర్రలతో ఆడే ఆటటక్కా, దెబ్బలు తగలవా?" అని అడిగింది. తగలవని అబద్ధం చెప్పలేకపోయాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్లాడి చేతిలో ఆ ఊరివాళ్లు తమ పిల్లల్ని పెట్టారంటే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ "రెండేళ్లలో పక్క కౌంటీ పెద్ద క్లబ్బుని ఓడించి చూపిస్తాను" అన్నావట. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ముందు చిన్నవి చెప్పేస్తాను. గార్డా వెట్టింగ్ (పోలీసుల తనిఖీ) కాగితం చేతికొచ్చేదాకా పిల్లల దగ్గరికి వెళ్లకు. పిల్లల రక్షణ వర్క్‌షాపు, కోచింగ్ మొదటి కోర్సు, రెండూ చెయ్యి. గ్రౌండులో నీతోపాటు ఇంకో పెద్ద మనిషి లేకుండా ప్రాక్టీసు మొదలుపెట్టకు. బడిలో హర్లింగ్ అంటే ఇష్టమున్న టీచరు ఎవరో కనుక్కో. ఆ ఒక్కరు తోడుంటే పిల్లల కోసం నువ్వు ఊరంతా తిరగక్కర్లేదు.

హెల్మెట్ గురించి మాత్రం ఒక్క లైనుతో వదలను. నేను క్యాజువాలిటీలో నర్సుని, ఆదివారం సాయంత్రం డ్యూటీ అంటే ఏంటో నాకు తెలుసు. 2010లో అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేశారు. అంతకుముందు కనుబొమ్మలు చీలి, పళ్లు చేత్తో పట్టుకుని వచ్చేవాళ్లు. ఒకడి కన్ను చూశాను, దాని గురించి రాయను. ప్రతి పిల్లాడి హెల్మెట్ నీ చేతిలోకి తీసుకుని చూడు. ఐఎస్ 355 అని భద్రతా ప్రమాణం ముద్ర ఉండాలి. ముఖం ముందున్న కమ్మీలు వంగాయా, బాగా కనిపించాలని ఎవరైనా ఒకటి కోసేశారా చూడు. అన్న వాడి వదిలేసింది తమ్ముడికి పెడితే గడ్డం కింద పట్టీ వదులుగా వేలాడుతుంది. అలాంటి పిల్లాణ్ణి ఆ రోజు ఆడనివ్వకు, ఏడ్చినా సరే. వేళ్లకి ఇప్పటికీ పెద్ద రక్షణ లేదు. వేలు వాచి వంగకపోతే ఐస్ పెట్టి ఊరుకోకుండా ఎక్స్‌రేకి పంపు.

ఇంకోటి, నీకు ప్రత్యేకంగా. నువ్వు చిన్నప్పటి నుంచీ క్రికెట్ ఆడినవాడివి. కుడిచేతి వాటం బ్యాటర్‌కి ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉంటుంది. హర్లీ, అంటే ఈ ఆట కర్ర, పట్టుకోవడం దానికి తిరగేసి: బలమైన చెయ్యే పైన. పరిగెత్తేటప్పుడు ఆ ఒక్క చేత్తోనే కర్ర మొయ్యాలి, రెండో చెయ్యి బంతి అందుకోవడానికి ఖాళీగా ఉండాలి. నీ చేతులు నీకు తెలియకుండానే పాత అలవాటుకి పోతాయి, పిల్లలు నీ నోటికంటే నీ చేతుల్నే చూస్తారు. కాబట్టి ముందు నువ్వు నేర్చుకో. క్లబ్బు వెనక గోడ ఉంటే రోజూ పావుగంట ఒంటరిగా ఈ ఆట బంతి స్లిటర్‌ని గోడకేసి కొట్టి అందుకో. కుడి పక్కా ఎడమ పక్కా, రెండూ. పిల్లలకీ అదే హోంవర్కు ఇవ్వు. పెద్ద క్లబ్బుకి మంచి గ్రౌండు, లైట్లు, జిమ్ము ఉంటాయి కానీ వాళ్ల గోడ మన గోడ కంటే గొప్పదేం కాదు.

కర్ర పొడవు దగ్గర మనవాళ్లు చేసే పని ఒకటుంది. ఎదిగే పిల్లాడు కదా అని స్కూలు యూనిఫారం లాగే రెండు సైజులు పెద్దది కొంటారు. పక్కన నిలబెడితే కర్ర తుంటి ఎముక దాకా రావాలి, అంతే. పెద్దదైతే పిల్లాడి మణికట్టు తిరగదు. కర్రలు చేసే యాష్ చెట్లకి తెగులు పట్టింది, 2012 నుంచి ఈ దేశంలో ఆ చెట్లు ఎండిపోతూనే ఉన్నాయి. అందుకని కర్రల ధర మండుతోంది. వెదురువీ ప్లాస్టిక్‌వీ వచ్చాయి, వాటిని చిన్నచూపు చూడకు. క్లబ్బులో అన్ని సైజులవీ ఒక పెట్టెలో పెట్టు, కొనలేని ఇంటి పిల్లాడు అడగకుండానే తీసుకునేలా.

ఇప్పుడు అసలు సంగతి.

మీ అన్నయ్య చిన్నప్పుడు టిప్పరరీలో ఒక చిన్న క్లబ్బులో ఆడేవాడు, నీకు గుర్తుండదు. అప్పట్లో పన్నెండేళ్లలోపు పిల్లలకీ కప్పులుండేవి. ఆ ఏడు మా జట్టులో ఒక పిల్లాడు వయసుకి మించి ఎదిగాడు. భుజాలూ పిక్కలూ అన్నీ పెద్దవాడిలాగే. కోచ్ వాణ్ణి మధ్యలో నిలబెట్టాడు. గోల్‌కీపర్ కొట్టే ప్రతి పక్-ఔట్ (గోలు దగ్గర్నుంచి ఆట మళ్లీ మొదలుపెట్టే దెబ్బ) వాడి మీదికే. వాడు గాల్లో అందుకునేవాడు, కర్ర మీద బంతి నిలుపుకుంటూ పరిగెత్తేవాడు, గోలు కొట్టేవాడు. మిగతావాళ్లు చూసేవాళ్లు. జెర్సీలు ఉతికే వంతు నాది. సంచి విప్పితే 8వ నంబరు బురదలో ముంచి తీసినట్టుండేది. 16 నుంచి 20 దాకా మడత కూడా చెదిరేవి కాదు. ఐదుగురు పిల్లలు వానలో లైను పక్కన నిలబడి, ఎప్పుడు పిలుస్తారో అని హెల్మెట్ పట్టీ కూడా విప్పకుండా, ఆటంతా చూసి ఇంటికి వెళ్లేవాళ్లు. వాళ్లలో 19వ నంబరు ఒక సన్నటి కుర్రాడు. చలికి ముక్కు ఎర్రబడి, కర్ర రెండు చేతుల్తో గుండెకి ఆనించుకుని నిలబడేవాడు.

కప్పు గెలిచారు. ఊరి మొగదల మంట వేశారు, ఫొటో కట్టించి కొట్లో తగిలించారు. మేమందరం చప్పట్లు కొట్టాం.

తర్వాత ఒక్కొక్కరే రావడం మానేశారు. గొడవపడి పోలేదు, ఎవరూ ఏమీ అనలేదు. ఒకడు సాకర్‌కి పోయాడు, ఇద్దరు ఇంట్లో కూర్చున్నారు. అండర్-16కి వచ్చేసరికి పదిహేను మంది దొరకలేదు. పక్క క్లబ్బుతో కలిసి జట్టు కట్టారు, జెర్సీ రంగు కూడా మనది కాదు. ఇక ఆ బలమైన పిల్లాడు! అండర్-14, అండర్-16, మైనర్ (అప్పట్లో అండర్-18), అన్నింటికీ వాడే కావాలి. ఒకే వారంలో మూడు జట్ల ప్రాక్టీసు. గజ్జల్లో నొప్పి మొదలైంది, ఎవరూ విశ్రాంతి ఇవ్వలేదు. పద్ధెనిమిది నిండకుండానే కర్ర పక్కన పెట్టేశాడు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు.

19వ నంబరు కుర్రాడు తర్వాత ఒకసారి వాళ్ల నాన్నని తీసుకుని ఆసుపత్రికి వచ్చాడు. తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చాడు, అంత పొడుగయ్యాడు. నడుస్తూ నడుస్తూ అడిగాను, ఆట ఎందుకు మానేశావని. "రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా అనలేదు," అన్నాడు.

నీ భయం పెద్ద క్లబ్బు గురించి. నా భయం ఆ మాట గురించి. నలభైమంది పిల్లలున్న క్లబ్బు పదిమందిని పోగొట్టుకుని కూడా గెలుస్తుంది. నీకున్నది పదకొండు మంది. తొమ్మిదేళ్లకి కాళ్లు తడబడేవాడు పంతొమ్మిదేళ్లకి ఏమవుతాడో నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు ఆ వయసుకి గో గేమ్స్ పద్ధతి ఉంది కాబట్టి కప్పు గోల లేదు, అందరూ ఆడాలి. దాన్ని కాగితం మీద పాటించి, కష్టమైన ఆట వచ్చినప్పుడు బలహీనుణ్ణి ఏ మూలో నిలబెట్టి మర్చిపోకు. ప్రతి ఆటలో చోట్లు మార్చు. ఒక వారం ఎవరైనా రాకపోతే ఆ రాత్రే వాళ్లింటికి ఫోన్ చెయ్యి. నా మాటల్లో ఒక్కటే వినదలచుకుంటే ఇది విను.

గెలవద్దని అనడం లేదు నాన్నా. చిన్న క్లబ్బులు గెలవకపోతే ఈ ఆటే ఉండదు. బాలీహేల్ కిల్కెన్నీలో ఒక పల్లె, ఆలిండియా కాదు, ఆలైర్లండ్ క్లబ్ కప్పు తొమ్మిదిసార్లు తెచ్చుకుంది. అది హర్లింగ్ పుట్టిల్లులాంటి కౌంటీ అంటావేమో. సరే, కార్లో కౌంటీ క్లబ్బుని చూడు. మౌంట్ లీన్‌స్టర్ రేంజర్స్ 2012లో ఇంటర్మీడియట్ (రెండో స్థాయి) ఆలైర్లండ్ గెలిచి, 2013లో లీన్‌స్టర్ ప్రాంతపు సీనియర్ (పై స్థాయి) కప్పే ఎత్తుకుపోయారు. మీ లీట్రిమ్ 2019లో డబ్లిన్ పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో లాంకషైర్‌ని ఓడించి లోరీ మీహర్ కప్పు (కింది స్థాయి కౌంటీ జట్ల కప్పు) గెలిచినప్పుడు ఆ జట్టులో జాక్ మొరాడీ ఉన్నాడు. ఇరాక్‌లో శరణార్థి శిబిరంలో పుట్టిన కుర్దు పిల్లాడు, మీ కౌంటీకి వచ్చాకే కర్ర పట్టాడు. కొత్త ఇళ్లలో ఉండే మలయాళీ, నైజీరియన్, బ్రెజిలియన్ పిల్లల తలుపులు కూడా తట్టు. అక్కచెల్లెళ్లనీ రమ్మను, ఆ వయసులో కలిసే ఆడొచ్చు, తర్వాత ఆడపిల్లల హర్లింగ్ కమోగీకి వెళ్తారు.

బలమైన జట్టుతో ఆడేటప్పుడు మీకు పనికొచ్చేవి బ్లాక్ (కొట్టే దెబ్బకి కర్ర అడ్డం పెట్టడం), హుక్. ఎంత మొనగాడైనా కొట్టాలంటే కర్ర వెనక్కి ఎత్తాలి కదా. ఆ క్షణంలో వెనక నుంచి పరిగెత్తి మన కర్ర చాచి దాన్ని తగిలిస్తే చాలు, దెబ్బ పడదు. దానికి ఒడ్డూ పొడుగూ అక్కర్లేదు, చివరిదాకా పరిగెత్తే ఓపిక కావాలి. మా సన్నటి కుర్రాడికి అది ఎవరైనా నేర్పి ఉంటే! ప్రతి ప్రాక్టీసులో దానికి సమయం పెట్టు, గోలు కొట్టినవాడికంటే హుక్ చేసినవాడి పేరు గట్టిగా పిలువు. అవతలివాళ్లు ఎక్కువమందితో వస్తే ముందే వాళ్ల కోచ్‌కి ఫోన్ చేసి, ఎంతమందితో ఆడదామో మాట్లాడుకో. మొహమాటపడకు. ఇవతల తక్కువమంది ఉన్నారని తెలిస్తే చాలామంది తమ పిల్లల్ని ఇద్దర్ని ఇటు పంపిస్తారు.

చలికి నువ్వు సరిగ్గా బట్టలు వేసుకోవని నాకు తెలుసు. రెండు జతల సాక్సులు పెట్టుకో, రాత్రి అన్నం మానకు. వచ్చే నెల మొదటి శనివారం నాకు సెలవు. మీ అన్నయ్య చిన్నప్పటి కర్రలు అటక మీద ఉన్నాయి, పగిలినవాటికి రేకు పట్టీ వేయించి తెస్తాను. పదకొండు మంది ఎత్తులూ కొలిచి పంపు, పిల్లల పేర్లతో సహా.

మీ పెద్దమ్మ