1925 నాటి శనివారాలు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి అమ్మలుకి,

మావయ్య ఆశీస్సులు.

మీ ఆఫీసులో సౌత్ సిడ్నీ రగ్బీ లీగ్ జట్టు అభిమానులు నూరేళ్ల కిందటి సీజన్ మీద నిన్ను వ్యాసం రాయమన్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ మొన్న ఫోన్లో అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని కాగితం తీశాను. ముప్పై ఏళ్లు పేపర్లో ఆటల పేజీ చూసినవాణ్ణి. సిడ్నీలో మా అమ్మాయి దగ్గరున్న ఆరు నెలలూ పొద్దున కాఫీతోపాటు ఆ పాత పేపర్లే చదివాను. రగ్బీ లీగ్ మీద నాకు మమకారం పుట్టింది మైదానంలో కాదు, ఆ పేజీల్లోనే.

1925లో సౌత్స్, అంటే సౌత్ సిడ్నీ, ఆడినవి 12, గెలిచినవి 12. ఒక్క ఓటమీ లేదు. ఈ సంగతి నీకు వ్యాసం అప్పగించినవాళ్లందరికీ తెలుసు. కాబట్టి దాంతో మొదలుపెట్టకు. సీజన్ మొదటి శనివారం సౌత్స్ పేట అయిన రెడ్‌ఫర్న్‌లో ట్రామ్ ఎక్కి ఆటకు బయల్దేరిన మనిషికి ఆ సంగతి తెలియదు. అతనికి తెలిసింది వేరు. 1921, 22ల్లో కప్పు నార్త్ సిడ్నీది, 23లో ఈస్టర్న్ సబర్బ్స్‌ది, 24లో బాల్మైన్‌ది. తన జట్టు చివరిసారి గెలిచింది 1918లో. ఏడేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి అతను. నీ వ్యాసం అతని పక్కన నడవాలి. ముందు ఏం జరగబోతోందో నీకు తెలిసినా అతనికి చెప్పకు.

దీనికి నేను పాటించిన పద్ధతి చెబుతాను. ఒక నోట్‌బుక్ తీసుకుని ఒక్కో శనివారానికి రెండు పేజీలు వదులు. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వాళ్ల ట్రోవ్ వెబ్‌సైట్‌లో ఆనాటి పేపర్లు ఉచితంగా చదవొచ్చు. ఆ వారం పేపర్లన్నీ చూసి, ఆ రెండు పేజీలు నిండేదాకా తర్వాతి వారం తెరవకు. కష్టంగానే ఉంటుంది, చెయ్యి ముందుకు లాగుతుంది. ఆపుకో. ఒకే ఆటను సోమవారం 'సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్' ఒకలా రాస్తుంది, ఆటల వారపత్రిక 'రిఫరీ' ఇంకోలా రాస్తుంది. రెండూ చదివాక గానీ నీకు ఆట కనబడదు.

వెతికేటప్పుడు ఒక చిక్కుంది, దాంతో నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. సౌత్స్‌కి బెన్నీ వేరింగ్ అని మైదానం అంచున ఆడే గొప్ప వింగర్ ఉండేవాడు. అతని ఇంటిపేరు కొట్టి వెతికితే వచ్చేవన్నీ టోపీల ప్రకటనలు, కోట్ల ప్రకటనలు, పెళ్లికూతురు ఏ గౌను వేసుకుందన్న వార్తలు! ఇంగ్లిషులో ఆ మాటకు తొడుక్కోవడం అనేగా అర్థం. పేరు పక్కన జట్టు పేరు కూడా చేర్చి, తేదీ ఆదివారానికీ బుధవారానికీ మధ్య కట్టేసి వెతికితే దొరికాడు. పైగా ఆ పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది, అక్షరాలు తారుమారవుతాయి. అందుకని పక్కన కనిపించే టైపు పాఠాన్ని నమ్మకుండా పేజీ బొమ్మనే పెద్దది చేసి చదువు. తప్పు కనబడితే అక్కడే దిద్దు. దిద్దే వీలు ఎవరికైనా ఉంది. రేపు వెతికేవాళ్లకు నీ దిద్దుబాటు పనికొస్తుంది.

స్కోర్లు కూడా లెక్కేసి చూసుకో. ట్రైకి, అంటే బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకు ఆనిస్తే, ఇప్పుడు నాలుగు పాయింట్లు, అప్పుడు మూడే. బంతిని తన్ని స్తంభాల మధ్య దాటించే గోల్‌కి రెండు. పేపర్లో మూడు ట్రైలు, రెండు గోల్స్ అని ఉంటే తొమ్మిదీ నాలుగూ పదమూడు రావాలి. రాకపోతే ఎవరి పేరో జారిపోయినట్టే, ఇంకో పేపర్లో వెతుకు. ఆట తీరు కూడా ఇప్పటిది కాదు. బంతి పట్టుకున్నవాణ్ణి పట్టి ఆపడమే ట్యాకిల్. ఆరు ట్యాకిల్స్ అయ్యాక బంతి అవతలివాళ్లకు ఇచ్చే నిబంధన అప్పటికి లేదు. ట్యాకిల్స్‌కి లెక్కే లేదు. బంతి దక్కిన జట్టు ఎంతసేపైనా దాచుకోవచ్చు. అందుకే రెండు జట్లూ భుజాలు కలిపి నెట్టుకునే స్క్రమ్‌లో కాలితో బంతిని వెనక్కి లాగే హుకర్ గురించి ఆనాటి రిపోర్టర్లు అంతంత రాసేవాళ్లు. ఇది తెలియకపోతే ఆ వర్ణనలన్నీ విసుగనిపిస్తాయి, తెలిస్తే ప్రతి స్క్రమ్ దగ్గరా ఊపిరి బిగబడుతుంది.

ఇంకో లెక్క. ఆ ఏడాది లీగ్‌లో తొమ్మిది క్లబ్బులు. సౌత్స్, ఈస్టర్న్ సబర్బ్స్, బాల్మైన్, గ్లీబ్, న్యూటౌన్, నార్త్ సిడ్నీ, వెస్టర్న్ సబర్బ్స్, సెయింట్ జార్జ్, యూనివర్సిటీ. ఒక్కొక్కరితో రెండేసిసార్లు ఆడితే పదహారు ఆటలవ్వాలి. మరి పన్నెండే ఎందుకు? నా నోట్‌బుక్‌లో ఈ ప్రశ్న దగ్గరే నాలుగు పేజీలు నిండాయి. సౌత్స్ ఎంత ముందుకెళ్లిపోయిందంటే మిగతావాళ్లు ఆడీ ప్రయోజనం లేకపోయింది. అందుకే సీజన్ ముందే ముగించేశారు. ఫైనల్ అంటూ లేదు. మరుసటి ఏడాది, 1926 నుంచి, ఫైనల్స్ పద్ధతి తప్పనిసరైంది. గెలిచినవాళ్ల గొప్పే ఆ ఏడాది పోటీలో రసం లేకుండా చేసింది. అమ్మలూ, నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది. అభిమానులు నొచ్చుకుంటారని దీన్ని వదిలేయకు. వాళ్లే ఎక్కువ ఇష్టపడి చదువుతారు.

ఆనాటి ఊరిని కళ్ల ముందు పెట్టు, కానీ రెండు మూడు వాక్యాల్లోనే. హార్బర్ బ్రిడ్జి పనులు 1923లో మొదలయ్యాయి, తెరిచింది 1932లో. అంటే 1925లో నార్త్ సిడ్నీ ఆటగాళ్లూ వాళ్ల జనమూ నీళ్లు దాటింది ఫెర్రీల మీదే. బార్లు సాయంత్రం ఆరింటికి మూసేవాళ్లు. ఆట చూసొచ్చినవాళ్లు గెలిచిన సంతోషం పంచుకోవడానికి గడియారం చూసుకుని పరుగెత్తిన ఊరది.

సౌత్స్‌కి 'రాబిటోస్' అన్న పేరు ఎలా వచ్చిందో తప్పకుండా అడుగుతారు. మన వీధుల్లో 'ఉప్పోయ్' అని అరిచినట్టు, అక్కడ కుందేళ్ల మాంసం అమ్మేవాళ్లు 'రాబిట్-ఓ' అని అరిచేవాళ్లు. శనివారం పొద్దున ఆటగాళ్లే కుందేళ్లు అమ్మేవారని ఒక కథ, నెత్తుటి మరకల జెర్సీలు చూసి అవతలి జట్లు వెక్కిరించాయని ఇంకో కథ. రెండూ చెప్పు. ఇదే నిజమని దేనికీ ముద్ర వేయకు.

ఈ చివరి సంగతి నా మనసులో ముల్లులా ఉన్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా జిల్లాలో ఒక ఊరి కబడ్డీ జట్టు పాత విజయం మీద రాశాను. ఊళ్లో ఒక పెద్దాయన చెప్పిన ఏడుగురి పేర్లూ వేశాను. అచ్చయిన మూడో రోజున ఒకావిడ ఆఫీసుకొచ్చింది. కొంగు ముడిలోంచి మడతలు పడిన ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. వరసలో చివర నిలబడ్డ కుర్రాడి మీద వేలుపెట్టి, "మా ఆయన. ఈయన పేరెందుకు లేదు బాబూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు సవరణ వేశాం, ఎవరికీ కనబడనంత చిన్నది.

అందుకే చెబుతున్నా. వేరింగ్ గురించీ, ఫైవ్-ఎయిత్ స్థానంలో ఆడిన ఆల్ఫ్ బ్లెయిర్ గురించీ ఎవరైనా రాస్తారు. ఆ సీజన్లో ఒక్క శనివారమే జెర్సీ తొడుక్కున్నవాళ్లు ఎవరో జట్ల జాబితాల్లో వెతికి పట్టుకో. వాళ్ల పేర్లు, ఆడిన తేదీ, ఎవరి మీద ఆడారో వ్యాసంలోనే వెయ్యి, కింద చిన్న అక్షరాల్లో కాదు. వాళ్ల మనవలు ఇప్పుడూ ఆ పక్కనే ఎక్కడో ఉండి ఉంటారు.

మొదటి మూడు శనివారాలు రాసి నాకు పంపు. తెలుగులోనే రాసుకో ముందు, ఇంగ్లిషు తర్వాత చూసుకోవచ్చు. అత్తయ్య నిన్ను అడిగినట్టు చెప్పమంది. ఆవకాయ జాడీ వచ్చే నెల వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపుతుందట.

ఇట్లు,
మీ మావయ్య