సంక్రాంతి సెలవుల్లో వీడియో కౌన్సెలింగ్ కుదురుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి టెక్సాస్‌లో లైసెన్సున్న సైకాలజిస్టు. ‘సైపాక్ట్’ కింద వేరే రాష్ట్రాల వాళ్లనూ వీడియోలో చూస్తుంది. సంక్రాంతికి వచ్చి ఆరు వారాలుంటానంటోంది. ఇక్కణ్నుంచే సెషన్లు నడుపుకోవచ్చా?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: సైపాక్ట్‌ను నమ్ముకుని అయితే కుదరదండీ. అది అమెరికా రాష్ట్రాలు తమలో తాము చేసుకున్న ఒప్పందం. 2020 జులై నుంచి నడుస్తోంది. సెషన్ జరిగేటప్పుడు సైకాలజిస్టు తన సొంత రాష్ట్రంలో, క్లయింటు ఒప్పందంలో చేరిన రాష్ట్రంలో ఉండాలి. గుంటూరులో ల్యాప్‌టాప్ తెరిస్తే మొదటి షరతే పోతుంది. వీపీఎన్ పెట్టుకుంటే సరిపోతుందని కొందరంటారు. దాంతో కంప్యూటరు అడ్రసు మారుతుందే గానీ, మనిషి ఉన్న చోటు మారదుగా! టెక్సాస్‌లోనే ఉండే క్లయింట్ల సంగతి వేరు. వాళ్ల విషయం అక్కడి బోర్డునూ, తన బీమా కంపెనీనీ బయల్దేరకముందే అడిగి, జవాబు రాతలో తీసుకోమనండి.

తను టెక్సాస్‌లో ఉన్నప్పుడూ చిక్కొచ్చేది క్లయింటు ఊరు మారినప్పుడే. ఓక్లహోమా ఒప్పందంలో ఉంది, కాలిఫోర్నియా లేదు. చదువుకని అక్కడికి వెళ్లిన కుర్రాడు వీడియోలో అదే ముఖంతో కనిపిస్తాడు, కానీ ఆ సెషన్ లైసెన్సు లేని ప్రాక్టీసు కిందికి రావచ్చు. అందుకే ప్రతిసారీ మొదట ‘ఇవాళ ఏ ఊళ్లో ఉన్నారు?’ అని అడిగి, నోట్సులో రాసుకోవాలి.

ప్రశ్న: క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. చేశాను, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉంది. హైదరాబాద్ వాళ్లను ఆన్‌లైన్‌లో చూడాలంటే తెలంగాణ లైసెన్సు కావాలా? డాలస్‌లోని తెలుగు విద్యార్థుల్ని చూడొచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: హైదరాబాద్‌కు అక్కర్లేదు. ఆర్‌సీఐ చట్టం 1992 నాటిది. ఆ కేంద్ర రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు దేశంలో ఎక్కడైనా ప్రాక్టీసు చేయొచ్చు. అయితే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టులను రాష్ట్ర అథారిటీ కూడా నమోదు చేస్తుంది. మన రాష్ట్రంలో ఆ పని పూర్తి చేసుకోండి. హైదరాబాద్‌లో క్లినిక్కే తెరిస్తే తెలంగాణ అథారిటీని అడగండి. చాలామంది దెబ్బతినేది సర్టిఫికెట్ గడువు దగ్గర. దాని రెన్యువల్‌కు కావాల్సిన సీఆర్ఈ (శిక్షణ) పాయింట్లు ఆఖరి నెలలో వెతుక్కుంటే దొరకవు.

డాలస్ మాట మాత్రం మరచిపోండి. అక్కడ చూసేది క్లయింటు ఉన్న రాష్ట్రం చట్టాన్ని, ఆర్‌సీఐ నంబరును కాదు. సైపాక్ట్ దారీ లేదు: దానికి డాక్టరేటు, అమెరికా రాష్ట్ర లైసెన్సు, ఈ-పాస్‌పోర్ట్ (ఆన్‌లైన్ సేవలకు సైకాలజిస్టులకిచ్చే ధ్రువపత్రం, ప్రయాణాల పాస్‌పోర్టు కాదు) కావాలి.

ఇంకో మాట. కూకట్‌పల్లి క్లయింటు ‘బతకాలని లేదు’ అంటే విజయవాడ నుంచి మీరు తలుపు తట్టలేరు. మొదటి సెషన్‌లోనే ఫ్లాట్ నంబరుతో సహా అడ్రసు, దగ్గరి బంధువు ఫోను, సమీప ఆసుపత్రి పేరు రాసుకోండి. 112, టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416 నంబర్లు క్లయింటుకూ ఇచ్చి ఉంచండి.