గేర్ బాక్సులో తప్పు ఆయిల్ పోస్తే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది రాయగడ. బట్టల దుకాణం నడుపుతున్నాను. రెండున్నరేళ్ల క్రితం సొంత వాడకానికి కొన్న మాన్యువల్ గేర్ల కారుకు నాలుగు నెలల కిందట పార్వతీపురంలోని ఒక గ్యారేజీలో గేర్ ఆయిల్ మార్పించాను. కారుతో వచ్చిన పుస్తకంలో 75డబ్ల్యూ-80 (చిక్కదనం), జీఎల్-4 (ఆయిల్ వర్గం) అని ఉండగా, అక్కడి మెకానిక్ 80డబ్ల్యూ-90, జీఎల్-5 పోసి, ఇది ఇంకా పై రకమని చెప్పాడు. పొద్దున్నే గేరు పడటం అప్పటి నుంచే కష్టమైంది. నెలన్నర తరువాత రెండు నుంచి మూడుకు మార్చినప్పుడల్లా కరకరమనే శబ్దం రావడం మొదలైంది. కంపెనీ సర్వీస్ సెంటర్ వారు గేర్ బాక్సు విప్పి, సింక్రో రింగులు అరిగాయని, 38,000 రూపాయలు అవుతుందని, బయట పని చేయించినందుకు కారు మొత్తానికీ వారంటీ పోయిందని చెబుతున్నారు. గ్యారేజీ వారు తమకు సంబంధం లేదంటున్నారు. నేను ఎవరిపై, ఎక్కడ ఫిర్యాదు చేయాలి?

జవాబు: మీ ఫిర్యాదు ప్రధానంగా గ్యారేజీ మీద ఉండాలి, దానిని మీరు రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. అయితే గెలుపు చట్టం కంటే ఎక్కువగా ఆ ఆయిల్ గురించి మీరు ఏమి రుజువు చేయగలరన్న దానిమీదే ఆధారపడుతుంది కాబట్టి ముందుగా ఆ సంగతి చూద్దాం.

జీఎల్-4, జీఎల్-5 అన్నవి పరీక్షలో మార్కుల వంటివి కావు, ఎక్కువ అంకె ఉన్నది మేలని అనుకోవడానికి. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వేర్వేరు పనులకు పెట్టిన వేర్వేరు వర్గాలవి. జీఎల్-5 ప్రధానంగా జీపులు, లారీల వెనుక ఇరుసులో ఉండే క్రౌన్-పినియన్ వంటి హైపాయిడ్ (ఒకదానిపై ఒకటి జారుతూ తిరిగే) పళ్ల చక్రాల కోసం ఉద్దేశించినది. అక్కడ ఒత్తిడితోపాటు రాపిడి విపరీతంగా ఉంటుంది కాబట్టి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలను జీఎల్-4లో కలిపే దానికి దాదాపు రెట్టింపు కలుపుతారు. మాన్యువల్ గేర్ బాక్సులో సింక్రో రింగు చేసే పని ఇందుకు పూర్తిగా భిన్నం. అది గేరు శంకువును పట్టుకుని రెండింటి వేగాన్ని సమానం చేయాలి, ఆ పట్టుకు కొంత రాపిడి ఉండి తీరాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే రింగు పట్టు తప్పుతుంది, మీకు వినిపించే కరకర శబ్దం అప్పుడే పుడుతుంది. పైగా చాలా రింగులు ఇత్తడితో చేసినవి కాబట్టి, కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకపు రసాయనం వేడిలో వాటిని తినివేయగలదు. ఘాట్ రోడ్ల మీద జీపులు తిరిగే మన ప్రాంతంలో మెకానిక్‌ల చేతికి అలవాటైన డబ్బా ‘తొంభై ఆయిల్’ కావడం వల్లే ఈ పొరపాటు జరిగి ఉంటుందని నేను అనుకుంటున్నాను, కానీ అలవాటు చట్టం ముందు సమాధానం కాదు. కొన్ని కార్ల మాన్యువల్ గేర్ బాక్సులకు ఆటోమేటిక్ గేర్లకు వాడే ద్రవమే పోయమని తయారీదారులు చెబుతారు, కొందరు తమ సొంత ద్రవమే వాడమంటారు. కనుక పుస్తకం చూడకుండా ఆయిల్ పోయడం ఏ మెకానిక్‌కూ క్షమించదగిన పని కాదు.

ఇక్కడ మీరు రెండు లోపాలను కలిపి చెబుతున్నారు, వాటిని విడదీయండి. పొద్దున్నే గేరు పడకపోవడానికి చిక్కదనం కారణం కావచ్చు. 75డబ్ల్యూ-80 కంటే 80డబ్ల్యూ-90 చిక్కనిది, చల్లబడినప్పుడు గేరు మార్పుకు మరింత అడ్డుపడుతుంది. ఇది ఆయిల్ మార్చగానే పోయే ఇబ్బంది, దీనికి 38,000 రూపాయల పరిహారం ఎవరూ ఇప్పించరు. రింగుల అరుగుదలే మీ అసలు నష్టం. ఎదుటి పక్షం వారు దాని మీదనే పోరాడతారు. నెలన్నరలో రింగులు అరగవని, లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లే ఘాట్‌లో క్లచ్ పూర్తిగా తొక్కకుండా గేర్లు మార్చడమే కారణమని, తమ ఆయిల్ డబ్బా మీద జీఎల్-4కూ పనికివస్తుందని రాసి ఉందని వాదించవచ్చు. ఈ చివరి వాదన నిజమూ కావచ్చు. కొన్ని ఆయిళ్లు రెండింటికీ సరిపోయేలా తయారవుతాయి. అందువల్ల ఆ రోజు పోసిన ఆయిల్ పూర్తి పేరు, గ్రేడు మీ దగ్గర ఉండాలి.

సర్వీస్ సెంటర్ వారు గేర్ బాక్సు విప్పినప్పుడు తీసిన పాత ఆయిల్ ఇంకా ఉంటే ఈ రోజే శుభ్రమైన సీసాలో పట్టించి, తేదీతో సీలు వేయించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోండి. పరీక్షలో చిక్కదనం, గంధకం, భాస్వరం ఎంత ఉన్నాయో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆయిల్‌లో రాగి ఎక్కువగా కనబడితే ఇత్తడి రింగులు కరిగో, అరిగో అందులో కలిశాయని చెప్పడానికి బలమైన ఆధారం దొరుకుతుంది. అరిగిన రింగులను పారవేయనివ్వకండి. గ్యారేజీ బిల్లులో ఆయిల్ పేరు లేకపోతే, మీరు ఫోన్‌లో చేసిన చెల్లింపు వివరం, మెకానిక్‌తో నడిచిన వాట్సాప్ సంభాషణ, డబ్బా ఫొటో దాచండి. వాటిని వాడేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు. కారు పుస్తకంలో గేర్ ఆయిల్ పేజీ ప్రతిని మర్చిపోకండి. సర్వీస్ సెంటర్ నుంచి విప్పిన నివేదికను నోటి మాటగా కాక, రాతపూర్వకంగా అడగండి.

ఇక చట్టం. కారును మరమ్మతుకు అప్పగించడం 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని సెక్షన్ 148 ప్రకారం బెయిల్‌మెంట్ (పని అయ్యాక తిరిగి ఇవ్వాలన్న షరతుతో వస్తువును అప్పగించడం) అవుతుంది, సాధారణ వివేకం గల మనిషి తన సొంత వస్తువు మీద చూపే జాగ్రత్తను చూపాలని సెక్షన్ 151 అంటుంది. డబ్బు తీసుకుని చేసిన పని నాణ్యతలో లోపమైతే అది వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం సేవా లోపం. అయితే ఆ లోపాన్ని రుజువు చేసే భారం మీదేనని 2021లో సుప్రీంకోర్టు ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో స్పష్టం చేసింది. ఒకవేళ ఆ ఆయిల్ డబ్బాను మీరే కొని తెచ్చి, పోయమని చెప్పి ఉంటే కేసు చాలా బలహీనపడుతుంది. మీ ప్రశ్నలో ఆ సంగతి లేదు కనుక లేదనే అనుకుంటున్నాను.

గ్యారేజీ ఆంధ్రప్రదేశ్‌లో, మీరు ఒడిశాలో ఉండటం ఇక్కడ అడ్డంకి కాదు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా స్వయంగా వృత్తి చేసుకునే చోట ఫిర్యాదు వేసుకోవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2)(డి) చెబుతోంది. 1986 నాటి పాత వినియోగదారుల చట్టంలో ఈ వెసులుబాటు లేదు, సరిహద్దు మనుషులకు ఇది నిజంగా కలిసివచ్చిన మార్పు. ఫిర్యాదును ఒడియాలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించి, తెలుగు కాగితాలకు అనువాదం జతచేయండి. సేవకు మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కనుక రుసుము లేదు, న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. కమిషన్ నోటీసు అందిన తరువాత ఎదుటి పక్షం 30 రోజుల్లో, అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి, ఆ గడువు దాటరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. గడువు మీకూ ఉంది: అదే చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. శబ్దం మొదలైన రోజు నుంచి కాక, ఆయిల్ పోసిన రోజు నుంచే లెక్కపెట్టుకోవడం క్షేమం. ముందుగా 15 రోజుల గడువుతో గ్యారేజీకి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం దానిని తప్పనిసరి చేయలేదు కానీ, ‘మాకు సంబంధం లేదు’ అన్న మాట కాగితం మీదకు వస్తే అదొక సాక్ష్యం.

కంపెనీ విషయంలో నా సలహా మీకు నచ్చకపోవచ్చు. తప్పు ఆయిల్ వల్ల గేర్ బాక్సు పాడైందని మీరే చెబుతున్నప్పుడు, ఆ గేర్ బాక్సుకు వారంటీ నిరాకరించడంలో కంపెనీని తప్పుపట్టలేం. ఒకే ఫిర్యాదులో గ్యారేజీ మీద తప్పు ఆయిల్ ఆరోపణ, కంపెనీ మీద తయారీ లోపం ఆరోపణ చేస్తే రెండూ ఒకదానినొకటి చంపుకుంటాయి. కానీ కారు మొత్తానికి వారంటీ పోయిందనడం వేరే మాట. ఇంజనుకు, ఏసీకి ఈ ఆయిల్‌తో సంబంధం లేదు. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేసే షరతు పెట్టరాదని, బయటి పని వల్ల కలిగిన నష్టం మేరకే నిరాకరించవచ్చని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీని కాపాడే కేంద్ర సంస్థ) 14 కార్ల తయారీ సంస్థల కేసులో ఆదేశించింది. ఆ ఆదేశం మీద అప్పీళ్లు నడిచాయి కాబట్టి దానినొక్కదాన్నే నమ్ముకోకుండా, వారంటీ పుస్తకంలోని షరతును చూపి, నిరాకరణను రాతలో ఇమ్మని అడగండి.

ఈలోగా ఆ ఆయిల్‌తో కారు నడపవద్దు. తగ్గించుకోగలిగిన నష్టాన్ని తగ్గించుకోనందుకు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 కింద పరిహారం తగ్గుతుంది. మరమ్మతు కోసం తీర్పు దాకా ఆగనక్కరలేదు. ఆయిల్ సీసా, రింగులు, నివేదిక చేతికి వచ్చాక పని చేయించి, పుస్తకంలో ఉన్న 75డబ్ల్యూ-80, జీఎల్-4 ఆయిల్‌నే పోయించి, దాని పేరు, గ్రేడు, ఎన్ని లీటర్లో బిల్లులో రాయించండి. అటుపైన గేర్లు శబ్దం లేకుండా పడితే, ఆ బిల్లును కూడా ఫిర్యాదుకు జతచేయండి.