టైగర్ అలో మొదలు మెత్తబడితే: ముందు కోయండి, తర్వాత ఆరనివ్వండి

మేడ మీద పెట్టి రోజూ నీళ్లు పోస్తున్న టైగర్ అలో ఆకులు ఎర్రబడ్డాయని, కింది ఆకులు ముట్టుకుంటే ఊడిపోతున్నాయని అడిగారు. ఊడిపోవడానికి కారణం మీరు రోజూ పోస్తున్న నీళ్లే. మేడ మీది ఎండకు ఆకులు ఎర్రబడ్డాయి, అది సర్దుకుంటుంది. మొదలు కుళ్లడమే ప్రమాదం.

ఈ తెల్ల మచ్చల మొక్క గోనియాలో వేరిగేటా, పాత పేరు అలో వేరిగేటా. కలబందకు చుట్టమే కానీ పెంపకం వేరు. దక్షిణాఫ్రికా కరూ ప్రాంతం, నమీబియాల పొడి నేలల్లో, పొదల చాటున, రాళ్ల మధ్య పెరుగుతుంది. మూడు వరుసల్లో దోనెల్లా మడిచిన ఆకులు కాస్త వాన పడినా మొదట్లోకి జారుస్తాయి. రోజూ పైనుంచి పోస్తే ఆ నీరంతా అక్కడే నిలుస్తుంది.

1. మొక్కను పెకలించి మట్టి దులపండి. మెత్తటి ఆకులు, నల్లటి వేళ్లు తీసేయండి.

2. శుభ్రమైన చాకుతో కాండాన్ని కింది నుంచి పలచగా కోస్తూ రండి. కోతలో గోధుమ రంగు చుక్క ఒక్కటి కనిపించినా ఇంకాస్త కోయాలి.

3. అందరూ తొందరపడేది ఇక్కడే. వెంటనే నాటొద్దు. నీడలో, గాలి తగిలేచోట కనీసం వారం ఉంచండి. కోత గోటికి గట్టిగా తగలాలి. పచ్చి కోతకు తడి మట్టి తగిలితే కుళ్లు మళ్లీ మొదలవుతుంది. వేళ్లు లేవని టెన్షన్ వద్దు, ఆకుల్లో నీరుంది.

4. సగానికి పైగా ముతక ఇసుక, చిన్న కంకర కలిపిన పొడి మట్టిలో నాటండి. మరో వారం నీళ్లు వద్దు.

5. తర్వాత మట్టి అడుగుదాకా ఎండాకే, కుండీ అంచు వెంట పోయండి. పొద్దుటి ఎండ చాలు. వానల్లో చూరు కిందికి మార్చండి.

పక్క పిలకలు గట్టిగా ఉంటే విడదీసి, వాటినీ ఆరబెట్టి నాటండి.