శాతవాహనులు వస్తారని రాసిన తమ్ముడికి

చెన్నై, టి.నగర్

ప్రియమైన తమ్ముడికి ఆశీస్సులు.

రాజ్యాన్ని ఎంచుకుని నడిపే, రాబోయే ఆ స్ట్రాటజీ గేమ్‌లో శాతవాహనులు ఉంటారంటూ నువ్వు రాసి పంపిన వ్యాసం రాత్రి ఏకబిగిన చదివాను. వాళ్లు ఉండాలని నీకెంత ఉందో నాకూ అంతే ఉంది. గేములు ఆడే మన పిల్లలు రోమన్ల సైన్యం గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతారు, శాతవాహనుల ధాన్యకటకం ఎక్కడుందంటే తెల్లమొహం వేస్తారు. అందుకే నీ వ్యాసం బాగా రావాలి. ఇంకా రాలేదు.

సగానికి పైగా పొగడ్తే ఉంది. ఎంత పెద్ద రాజ్యం, ఎన్ని వందల ఏళ్లు ఏలారు, ఎవరెవర్ని ఓడించారు. మా తాతలు నేతులు తాగారన్న ధోరణి కనిపించగానే చదివేవాడు పక్కకు పోతాడు. పోటీలో ఉన్న ఏ నాగరికతకూ గొప్పతనానికి కొదవ లేదు కదా. గేమ్ తయారుచేసేవాళ్లు వేసుకునే ప్రశ్న వేరు: ఈ రాజ్యాన్ని ఎంచుకున్న ఆటగాడు, మిగతా రాజ్యాలతో కుదరని పని ఏం చేయగలడు? నీ ఊహ దానికి జవాబు చెప్పాలి.

జవాబుకు కావలసిన సరుకు నీ వ్యాసంలోనే ఉంది, నువ్వే దాటేసి వెళ్లావు. క్రీ.శ. 1వ శతాబ్దిలో రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రుల (అంటే శాతవాహనులేనని చాలామంది అనుకుంటారు) బలం లెక్క రాశాడు: ప్రాకారాలూ బురుజులూ ఉన్న పట్టణాలు 30, కాల్బలం 1,00,000, గుర్రాలు 2,000, ఏనుగులు 1,000. "ఎంత పెద్ద సైన్యమో చూడండి" అని నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు. కాస్త ఆగి ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడు. లక్షమంది కాలిబంట్లకు గుర్రాలు రెండు వేలే. ప్రతి రెండు గుర్రాలకూ ఒక ఏనుగు. మంచి గుర్రాలు దొరకడం కష్టమై, ఏనుగులున్న అడవులు చేరువలో ఉన్న రాజ్యం ఇందులో కనిపిస్తోంది నాకు. దాన్ని ఆటలోకి తెస్తే అశ్వదళం ఖరీదవుతుంది, ఏనుగు చవకవుతుంది, కోటపట్టణాలు త్వరగా లేస్తాయి, సైన్యం మాత్రం నెమ్మదిగా కదులుతుంది. తయారీదారులు ఇలా ఆలోచిస్తారా అంటే ఆలోచిస్తారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 అనే ఇలాంటి గేమ్‌లోనే 2022 దాకా భారతదేశమంతా ఒకే జాతి. ఆ ఏడు దాన్ని హిందుస్తానీలుగా మార్చి, బెంగాలీలనూ ద్రవిడియన్లనూ గుర్జరులనూ కొత్తగా చేర్చారు. ద్రవిడియన్లకు గుర్రపు దళాన్ని బలహీనంగానే ఉంచారు. నీ వాదనకు ఇంతకంటే ఆసరా ఏం కావాలి?

ఇప్పుడు ఏనుగు గురించి. మన ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి శిల్పాల మధ్య ఒక గుండ్రటి ఫలకం ఉంది, నలగిరి ఏనుగు కథ. దాని ముందు తీరిగ్గా నిలబడు. ఒకే వృత్తంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కేస్తూ వస్తోంది. రెండోవైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ మీది కిటికీల్లోంచి జనం తొంగిచూస్తున్నారు. ఏనుగులు మసలే ఊళ్లో బతకడమంటే ఏమిటో ఆ శిల్పికి బాగా తెలుసు. దెబ్బ తగిలిన ఏనుగు అదుపు తప్పి సొంత బలగం మీదే పడటం, మావటికి దాన్ని నిలబెట్టే నేర్పు ఉండటం: ఇది ఆటలో పెట్టదగ్గ విషయం. ఆ కిటికీలూ ఇళ్ల కప్పులూ కూడా రాసుకో, వాళ్ల పట్టణం తెరమీద ఎలా ఉండాలో అవే చెబుతాయి.

నీ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ట్రైలర్‌లో క్షణకాలం మెరిసిన రాతి తోరణాన్ని పట్టుకోవడం. నచ్చనిది, దాని పక్కనే "కాబట్టి శాతవాహనులు ఖాయం" అనడం. ఆ తోరణం సాంచీ మోస్తరుది. అక్కడి దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద ఆనందుడు ఇచ్చిన కానుక అని శాసనం ఉంది, నీకది గట్టి ఆధారమే. కానీ సాంచీ స్తూపాన్ని మొదట కట్టించింది అశోకుడు. గేమ్‌వాళ్లు మౌర్యుల కోసం కూడా అదే బొమ్మ వాడేసుకోవచ్చు. అమరావతి స్తూపానికి అలాంటి తోరణాలు లేవు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికల మీద ఐదేసి స్తంభాలు నిలబెట్టారు, వాటినే ఆయక స్తంభాలంటారు. రేపు ఏ దృశ్యంలోనైనా ఐదు స్తంభాల వరస కనిపిస్తే అప్పుడు "దాదాపు ఖాయం" అని రాయి. కళ్లారా చూసింది ఏది, దాన్నిబట్టి అనుకున్నది ఏది, మనసు కోరుకుంటున్నది ఏది, ఈ మూడూ నీ వాక్యాల్లో విడివిడిగా తెలియాలి. అప్పుడు ఊహ తప్పినా చదివినవాడికి స్తంభాలూ తోరణాలూ మిగులుతాయి.

నాయకుడి సంగతి. అందరూ గౌతమీపుత్ర శాతకర్ణి అనే రాస్తారు. అతని తల్లి గౌతమీ బాలశ్రీ అని ఎందుకు రాయకూడదు? కొడుకు విజయాల గురించి ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలాభాగం మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో నాసిక్ గుహలో ఆమె వేయించిన శాసనం నుంచే వచ్చింది. దానికి జోడీగా జోగల్‌తెంబి వెండి నాణేలు చెప్పు. 1906లో నాసిక్ దగ్గర 13 వేలకు పైగా దొరికాయి, అన్నీ గౌతమీపుత్రుడి చేతిలో ఓడిన క్షత్రప రాజు నహపానుడివే. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర కొట్టించాడు. ఒకవైపు కొండ గుర్తు, మరోవైపు ఉజ్జయిని గుర్తు. కొన్నిటి మీద ఆ గుర్తుల సందుల్లోంచి ఓడిన రాజు ముఖం ఇంకా కనిపిస్తుంది. శత్రువు ఖజానాను కరిగించకుండా తన పేరు కొట్టి చలామణీలో పెట్టే రాజ్యం! ఆటలో ఇంకెవరికీ లేని సదుపాయం ఇదే అవుతుందని నా ఊహ, నీ పేరుమీదే రాసుకో.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "మన తెలుగు సామ్రాజ్యం" అని ఐదుచోట్ల రాశావు, తీసెయ్యి. శాతవాహనుల ఆనవాళ్లున్న నాసిక్, నానేఘాట్, పైఠాన్ ఇవాళ మహారాష్ట్రలో ఉన్నాయి. వాళ్ల శాసనాలు ప్రాకృతంలో ఉన్నాయి. మనకు ఎంత హక్కుందో మరాఠీవాళ్లకూ అంత ఉంది. అలాగే తమిళనాడులో పాత ఊరు బయటపడ్డ కీళడి గురించి మాట్లాడే నీ తమిళ మిత్రుల మీద విసిరిన ఆ పేరా కూడా వద్దు. వాళ్లు తవ్వకాల్లో దొరికిన కుండపెంకులు చూపించి మాట్లాడుతున్నారు, నువ్వు కోపం చూపించావు. సివిలైజేషన్ 7 అనే గేమ్‌లో మౌర్యులు, చోళులు, మొగలులు ముగ్గురూ వచ్చారు. ఒకరు వస్తే ఇంకొకరికి చోటు పోతుందన్న లెక్కేమీ లేదు.

మళ్లీ రాసి పంపు. ఏనుగుతో మొదలుపెట్టు, రాజుల వరసతో వద్దు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లు.

నీ అన్నయ్య