బెట్టకు వరి దెబ్బతినకుండా ఏం చేయాలి?

నీళ్లు చాలడం లేదు, వరిని ఎలా కాపాడుకోవాలని అడిగారు. ముందు పైరు ఏ దశలో ఉందో చూడండి. పిలకల దశలో కాస్త బెట్ట తగిలినా తర్వాత తడి అందితే చాలావరకు కోలుకుంటుంది. చిరుపొట్ట (కాండం లోపల వెన్ను, అంటే కంకి, రూపుదిద్దుకునే దశ) నుంచి పూత వరకు అలా కాదు. అప్పుడు నీరు లేకపోతే వెన్ను పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. తర్వాత ఎంత నీరు పెట్టినా ఆ నష్టం పూడదు. ఉన్న కాసిని నీళ్లు ఆ రోజులకే దాచండి. పిలకల దశలో ఆరుతడి, అంటే పొలం ఆరాక మళ్లీ తడి పెట్టడం, చాలు. పొలంలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాకే మళ్లీ పెట్టొచ్చు. కలుపు తీసేయండి, అదీ నీళ్లు తాగేదే. ఎండిన నేలమీద యూరియా చల్లడం దండగ. లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (సంచిపై 13-0-45 అని ఉండే ఎరువు) కలిపి సాయంత్రం పిచికారీ చేస్తే కొంత ఊరట, అంతే. తడికి అది బదులు కాదు.