మీ తాత తుపాకి ఎందుకు వదిలేశాడంటే

చి॥ చిన్నాకు చిన్నతాత ఆశీస్సులు.

నవంబర్‌లో ఆఫీసువాళ్ళతో కలిసి టెక్సస్‌లో దుప్పి వేటకు పోతున్నావని మీ అమ్మ చెప్పింది. దీపావళికి లక్ష్మీబాంబు పేలితే నా లుంగీ వెనక దాక్కున్నవాడివి నువ్వేనా అని నవ్వుకున్నాను. కొంచెం మురిసిపోయాను కూడా, దాచను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఉద్యోగమంతా పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పి బిగించినవాణ్ణి, నాకు కాక ఎవరికి భయం ఉంటుంది?

ముందు కాగితాల సంగతి. నువ్వు హెచ్‌వన్‌బి ఉద్యోగ వీసా మీద ఉన్నావు. అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నీలాంటివాడి దగ్గర తుపాకి ఉండడమే నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చేతిలో ఉంటే మినహాయింపు. కాబట్టి అది రాకముందే స్నేహితుడి రైఫిల్ పట్టుకుని ఫొటో దిగావంటే, ఆ ఫొటోనే నీ వీసా మెడకు చుట్టుకుంటుంది. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు టెక్సస్‌లో వేట శిక్షణ కోర్సు కూడా ఉండాలి. కోర్సు తర్వాతైనా చేసుకోవచ్చు, వాయిదా వెసులుబాటు ఉందని నీ స్నేహితుడు అంటాడేమో, వినకు. కూర్చుని చదివి పాసవ్వు.

తెలిసిన మాటలు గబగబా చెప్పేస్తాను. ఏ తుపాకీ ఖాళీగా ఉందని నమ్మకు. ఇచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా సరే, తూటా కూర్చునే చాంబర్ తెరిచి నువ్వే చూడు. గొట్టం మనుషుల వైపు తిరగకూడదు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ బయటే ఉండాలి. కంచె దాటేటప్పుడు, మచాను ఎక్కేటప్పుడు, బండెక్కేటప్పుడు తూటాలు తీసెయ్. ట్రిగ్గర్‌ను ఆపే సేఫ్టీ క్యాచ్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండకు. అదీ ఇనుప ముక్కే, అరుగుతుంది. అరిగినవాటిని ఈ చేతులతో ఎన్ని మార్చానో. బీరు ముట్టేది తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేశాకే.

ఇక అసలు మాట. మీ తాతకు పన్నెండు బోర్ తుపాకి ఉండేదని నీకెవరూ చెప్పి ఉండరు. 1969 వానాకాలం, వికారాబాద్ పక్కన మన ఊళ్ళో మక్కచేను కంకి మీద ఉంది. అనంతగిరి గుట్టల మీంచి అడవిపందులు దిగి రాత్రికి రాత్రే చేను దున్నేస్తున్నాయి. మంచె మీద అన్న, పక్కన నేను. పొద్దుగూకినప్పటి నుంచి కాపు. దోమలు, నిద్ర, చలి. నడిజాము దాటాక మక్క ఆకులు గలగలమన్నాయి. అన్న నన్ను బ్యాటరీ కూడా వేయనివ్వలేదు, వెలుగుకు పారిపోతుందన్నాడు. నల్లటి వీపు కనిపించింది, వంగి కదులుతోంది. కాల్చాడు. అరిచింది మనిషి.

మా జీతగాడు. పందులు అటువైపు దిగాయేమో చూసొస్తానని పోయినవాడు, గొంగడి కప్పుకుని చేను మధ్యలోంచి తిరిగొస్తున్నాడు. ఛర్రాలు, అదే తూటాలోని చిన్న చిన్న గుళ్ళు, పిక్కలో దిగాయి. ఎడ్లబండి మీద వికారాబాద్, అక్కడి నుంచి రైల్లో హైదరాబాద్ దవాఖానకు. ప్రాణం దక్కింది, కాలు మాత్రం మునుపటిలా కాలేదు. ఊరి పెద్దలు సర్దిచెప్పారు, కేసు కాలేదు. ఆ రోజులు వేరు. కాలువ కింది రెండెకరాలు ఏమయ్యాయని మీ నాన్న ఇప్పటికీ నన్ను అడుగుతుంటాడు. అన్న వాటిని ఆ మనిషికి రాసిచ్చాడు. 1971 ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమన్నారు. చేసొచ్చాడు, మళ్ళీ తెచ్చుకోలేదు.

ఒక్క విషయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివరిదాకా అన్న ఒక్కటే మాట అన్నాడు: "ఆ వీపు మీద వెంట్రుకలు చూశాన్రా." అబద్ధమాడే మనిషి కాదు. అన్ని గంటలు పంది కోసమే కాచుకున్న కళ్ళకు పందే కనిపించింది. నువ్వూ తెల్లవారుజామున చలిలో కూర్చుంటావు, డబ్బు పెట్టి వచ్చి ఉంటావు, పక్కవాడు అప్పటికే ఒకటి కొట్టి ఉంటాడు. అప్పుడు ఆకు కదిలినా కొమ్ములు కనిపిస్తాయి. తల, మెడ, కాళ్ళు, మొత్తం జంతువు వెలుగులో కనబడేదాకా తుపాకి ఎత్తకు. దూరాన ఏదో కదిలితే రైఫిల్ మీది స్కోప్‌తో చూడకు. స్కోప్‌తో చూడడమంటే గురి పెట్టడమే, అక్కడ ఉన్నది మనిషైతే? బైనాక్యులర్ కొనుక్కో.

అన్న తుపాకిలోది ఛర్రా, అది పోయే దూరం తక్కువ. నీ చేతిలోది రైఫిల్ తూటా. కొన్ని మూడు మైళ్ళ దాకా పోతాయి. దుప్పి వెనక మట్టిగట్టో గుట్టో ఉంటేనే కాల్చు. దిబ్బ అంచున, వెనకాల ఆకాశం తప్ప ఏమీ లేనిచోట నిలబడి ఉంటే ఎంత పెద్ద కొమ్ములున్నా వదిలెయ్. ఇక్కడ బరాత్‌లలో గాల్లోకి కాల్చే వెధవలకు ఈ సంగతి ఎక్కకే 2019లో చట్టం మార్చి రెండేళ్ళ జైలు దాకా పెట్టారు. నారింజ రంగు జాకెట్ ప్రైవేటు భూమిలో తప్పనిసరి కాదని వేసుకోకుండా ఉండకు, గొంగడి కప్పుకున్న మనిషిని నేను చూశాను.

వేట అయ్యాక గదికొచ్చి తుపాకి తుడిచేటప్పుడు ఇంకా జాగ్రత్త. అక్కడ చదువుకుంటున్న మన పిల్లవాడొకడు తుడుస్తుండగానే తుపాకి పేలి చనిపోయాడని పేపర్లో చదివినప్పటి నుంచి నాకు ఇదే గుబులు. ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టు, తర్వాతే గుడ్డ పట్టుకో.

మన చుక్కల దుప్పిని 1930లలోనే తీసుకెళ్ళి టెక్సస్‌లో వదిలారు. అక్కడి రాంచ్‌లలో దాన్ని ఏడాది పొడుగునా కొట్టవచ్చట. ఇక్కడ అది రాష్ట్ర జంతువు, ముట్టుకుంటే జైలు. నీకు అది ఎదురుపడితే ఏం చేస్తావో నీ ఇష్టం, నాకు మాత్రం చెప్పకు.

రెండెకరాల సంగతి నేను రాశానని నాయనమ్మ దగ్గర అనకు. లైసెన్స్ రాగానే దాని ఫొటో పంపు. బూట్లు మంచివి కొను బిడ్డా, చలికి నీ మడమలు పగులుతాయి.

నీ చిన్నతాత,
అంబర్‌పేట, హైదరాబాద్